స్లాబ్ పోసిన రోజు

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో నాకు ఇప్పటికీ అనుమానమే. నా వయసు పెద్దదే కానీ నా చదువు వయసు నాలుగేళ్ళే. పేజీ నిండాలంటే ఒక పూట పడుతుంది. మొదట్లో పప్పు పొయ్యి మీద పెట్టి రాయడానికి కూర్చునేదాన్ని. రెండుసార్లు గిన్నె మాడిపోయాక, ఇప్పుడు వంట ముగించాకే కూర్చుంటున్నాను.

నేను రాసేది వెంకాయమ్మ గురించి. ఆమె చెడ్డది కాదు. మంచిది. ఆమె మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా వైపు దీన్ని కండ్లమంట అంటారు. ఇది కొత్తగా వచ్చింది కాదు, మా అమ్మాయి సౌజన్య నడక నేర్చిన నాటి నుంచీ ఉంది.

మాది చిట్యాల దగ్గర పల్లె. పెళ్ళయ్యాక నేనూ, మా ఆయన మట్టయ్యా కొత్తపేట వచ్చి, పండ్ల మార్కెట్ వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాం. అప్పుడు మార్కెట్ అక్కడే ఉండేది. మా ఆయన ట్రాలీ ఆటోలో పండ్ల పెట్టెలు తోలేవాడు. నేను దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర బండి మీద బత్తాయిలు, జామకాయలు అమ్మేదాన్ని. అదే ఆవరణలో పక్క వాటాలో వెంకాయమ్మ, ఆమె భర్త పట్టాభిగారు ఉండేవాళ్ళు. వాళ్ళది తెనాలి. ఆయన కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు.

మార్కెట్‌కు తెల్లవారకముందే వెళ్ళాలి. సౌజన్యను బొంతతో సహా తీసుకెళ్ళి వెంకాయమ్మ పక్కలో పడుకోబెట్టి పోయేదాన్ని. సాయంత్రం వచ్చేసరికి పిల్ల తల దువ్వుకుని, పౌడరు పూసుకుని, బొట్టు పెట్టుకుని ఉండేది. ఎత్తుకోబోతే నా చీర నిండా పండ్ల వాసన అని ముఖం తిప్పుకునేది.

ఇంత కష్టం దేనికంటే, ఇంటి కోసం. ఒకరోజు నేను తలస్నానం చేస్తుంటే ఇంటి యజమానురాలు నీళ్ళు ఎక్కువ వాడుతున్నారని నల్లా బంద్ చేసింది. తల నిండా కుంకుడు నురగతో, కళ్ళు మండుతూ, ఆ తడికల గదిలో చాలాసేపు నిలబడ్డాను. వెంకాయమ్మే చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ రోజే అనుకున్నాను, నా బిడ్డ పెరిగేసరికి మా నల్లా మాకు ఉండాలని. ఆ తర్వాత నేను తిన్నా, పడుకున్నా, బండి తోసినా అదే ఆలోచన.

చివరికి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. పై గది మా ఆయన పోయాక వేయించాను. సౌజన్య తొలి కాన్పుకు తల్లిగారింటికి వస్తే బాలింత ఉండటానికని దానికి లేత పసుపు రంగు కూడా వేయించాను. పెళ్ళయ్యాక సౌజన్య, మా అల్లుడు రాఘవేంద్ర అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉంటున్నారు.

మూడు నెలల కింద మా ఇంట్లోనే సౌజన్యకు సీమంతం చేశాం. భోజనాలయ్యాక ఆడవాళ్ళందరం హాల్లో కూర్చున్నాం. సౌజన్య చేతుల నిండా గాజులతో వెళ్ళి వెంకాయమ్మ పక్కన చేరింది.

"పెద్దమ్మా, చిన్నప్పుడు నేను ఎట్ల ఉంటుంటి?"

"అబ్బో, నీ సంగతి అడగాలా! కుక్కర్ విజిల్ వేసిందంటే చాలు, బియ్యం డబ్బా వెనక దూరేదానివి. చల్లారాక వచ్చి నడుం మీద చెయ్యేసుకుని 'ఏందే నీ లొల్లి, జర గమ్మునుండు' అని దాన్ని తిట్టేదానివి. ఆ మాటలు మా ఇంట్లో ఎవరూ అనరు మరి!"

అందరూ నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

ఇక ఆమె ఆగలేదు. మొదటి పన్ను ఏ గుమ్మం మీద పడి ఊడిందో, ఏ రంగు చాక్‌పీసు తినేదో, పట్టాభిగారి కళ్ళజోడు పెట్టుకుని గోడకు పాఠం ఎలా చెప్పేదో, నిద్రలో ఏ చెయ్యి తల కింద పెట్టుకునేదో అన్నీ చెప్పింది. నా బిడ్డ చిన్నతనం మొత్తం ఆమె కొంగులో మూట కట్టుకుని ఉంది. ఒక్కొక్కటి తీసి పంచుతోంది. నాకూ ఒకటి పెడుతుంది, ముత్తయిదువులకు శనగలు పెట్టినట్టు.

"అమ్మా, నువ్వు కూడా ఒకటి చెప్పు" అంది సౌజన్య.

"నువ్వు పుట్టిన యేడే ఈ ప్లాటు కొన్నం బిడ్డా" అన్నాను. "అప్పుడు ఈడంత సీతాఫలం చెట్లు, గుండ్లు. నిన్ను సంకనేసుకొని ఒచ్చి హద్దురాళ్ళు చూసిన. ఈశాన్యం మూల రాయి జర పక్కకు జరిగుండె. మీ నాయనతోని కొట్లాడి మళ్ళ పాతిపిచ్చిన."

"మరి నేనేం చేసిన?"

"నువ్వా..." ఆలోచించాను. "నువ్వు సంకల ఉన్నవ్."

హాలంతా గొల్లున నవ్వింది. "చూసినవా పెద్దమ్మా, అమ్మకు రాళ్ళు యాదికున్నయ్, నేను యాదికి లేను!" అని సౌజన్య వెంకాయమ్మ భుజం మీద పడి నవ్వింది. నేను చెంబు తీసుకుని నీళ్ళ కోసమన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను.

తర్వాతి వారం దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో సౌజన్యను చూపించడానికి తీసుకెళ్ళాం. వెంకాయమ్మ ఇల్లు ఇప్పుడు ఆ దగ్గర్లోనే, కాబట్టి పిలవకుండానే ఆమె కూడా వచ్చింది. డాక్టరమ్మ బీపీ చూసి, కొంచెం ఎక్కువుందని చెప్పి, అదీ ఇదీ అడుగుతూ, "చిన్నప్పుడు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా?" అంది.

సౌజన్య నా వైపు చూసింది.

"ఏం లేదు మేడం. గట్టి పిల్ల" అన్నాను.

"వచ్చాయండీ" అంది నా వెనక నుంచి వెంకాయమ్మ. "మూడో ఏట, ఒక్కసారి. జ్వరం బాగా ఎక్కి కళ్ళు తేలేసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మళ్ళీ ఎప్పుడూ రాలేదు."

"ఎప్పుడొచ్చింది అక్కా? నాకు తెల్వకుంటనా?" అన్నాను.

"మీ స్లాబ్ పోసిన రోజే సుమిత్రా. నీకు కబురు పెట్టినా రాలేకపోయావు."

డాక్టరమ్మ ఆమె చెప్పిందే రాసుకుంది. చిన్నప్పుడు జ్వరానికి వచ్చినదానికి భయం లేదు కానీ బీపీ ఉంది కాబట్టి నెలలు నిండేటప్పుడు దవాఖానకు దగ్గర్లో ఉంటే మంచిదని చెప్పింది.

బయటికి వచ్చాక మెట్లు దిగుతూ సౌజన్య మెల్లగా అంది. "అమ్మా, నేను కాన్పుకు పెద్దమ్మ ఇంట్ల ఉంట. ఆడికెల్లి దవాఖానకు నడిచి రావచ్చు. మన ఎల్బీనగర్ చౌరస్తల ఇరుక్కుంటే ఎట్ల?"

"మెట్రో ఉన్నది కదనే?"

"నొప్పులొస్తుంటే మెట్రో ఎక్కాల్నా?"

"పైన రూముకు రంగేయించిన."

"రంగు ఏడికి పోతదమ్మా? తర్వాత ఒస్త." తల వంచుకుని అంది, "నాకు ఫిట్స్ ఒచ్చినయని నీకు తెల్వనే తెల్వదు."

ఆ మాట తిట్టినట్టు అనలేదు. తిట్టినా బాగుండేది.

తల్లి బతికి ఉండగా తొలి కాన్పు పక్కింటావిడ ఇంట్లో జరగడం మా చుట్టాల్లో ఎక్కడా లేదు. కానీ నాకు చుట్టాల గురించి కాదు బాధ. పుట్టబోయే బిడ్డ కళ్ళు తెరిస్తే ఆమె ముఖం కనబడుతుంది. మొదటి నవ్వు ఆమె చూస్తుంది. రేపు ఆ బిడ్డ పెద్దయ్యి అడిగితే చెప్పేది మళ్ళీ ఆమే. నేను మళ్ళీ వంటింట్లో చెంబు పట్టుకుని నిలబడాలి.

ఇంటికి వచ్చి స్లాబ్ పోసిన రోజును తలుచుకున్నాను. అది నాకు నిన్నటిలా ఉంది. స్లాబ్ పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు దగ్గర చీలి నీళ్ళు కారతాయి. పొద్దున కొబ్బరికాయ కొట్టాం. మిక్సర్ మిషన్ ఒక గంట మొరాయించింది. తట్టలు అందించేవాళ్ళు తక్కువయ్యారని నేనూ వరుసలో నిలబడ్డాను. మధ్యాహ్నం మబ్బు పట్టింది. టార్పాలిన్లు తెప్పించాం. ఒక నల్ల కుక్క తడి స్లాబ్ మీదికి ఎక్కితే మేస్త్రీ మహిపాల్ తాపీ విసిరాడు. కూలీలు ఏ కూర తిన్నారో, ఎవరు ఇంకా కావాలన్నారో కూడా చెప్పగలను. కానీ ఆ రోజులో నా బిడ్డ లేదు. ఎంత వెతికినా లేదు. జ్వరం లేదు, కబురు లేదు, ఏడుపు లేదు.

అయితే వెంకాయమ్మ కల్పించి చెబుతోంది, అంతే అనుకున్నాను. మర్నాడు మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. ఆమె అబద్ధం ఎక్కడో ఒకచోట దొరుకుతుందని దారి పొడుగునా నా ప్రశ్నలు నేను పేర్చుకున్నాను.

వెంకాయమ్మ కింద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. పట్టాభిగారు కిటికీ దగ్గర పేపరు చదువుతున్నాడు.

"రా సుమిత్రా. కాఫీ పెట్టనా?"

"కాఫీ ఒద్దక్కా. నిన్న దవాఖానల చెప్పినవు కద, అది మొత్తం చెప్పు. మొదటికెల్లి."

ఆమె నా ముఖం చూసింది. అర్థమైంది ఆమెకు. అయినా చెప్పడం మొదలుపెట్టింది, ఎందుకంటే అది చెప్పడం ఆమెకు ఇష్టం.

"పొద్దుటి నుంచీ ఒళ్ళు వెచ్చగా ఉంది. తడిగుడ్డ వేస్తూనే ఉన్నాను. సాయంత్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. నోట్లోంచి నురగ. నా ప్రాణం పోయిందనుకో. ఈయన పరిగెత్తుకెళ్ళి ఆటో తీసుకొచ్చారు..."

"నేనా?" అన్నాడు పట్టాభిగారు పేపరు దించి. "నేను ఊళ్ళో ఎక్కడున్నానే? మా నాన్న తద్దినానికి తెనాలి వెళ్ళాను కదా. వచ్చాక చెప్పావు."

"మీరు కాదూ? మరి... ఎవరో తెచ్చారులెండి. బండైతే వచ్చింది. మీరు పేపరు చదువుకోండి." ఆమె గోంగూర కాడ విరిచి మళ్ళీ నా వైపు తిరిగింది. "దారంతా 'అమ్మలూ, అమ్మలూ' అని పిలుస్తూనే ఉన్నాను. సూది వేశాక కళ్ళు తెరిచింది. తెరిచి నన్నే చూసి 'అమ్మా' అంది సుమిత్రా. నా చెవులతో విన్నాను. ఇంటికొచ్చి గౌను మార్చాను. తెల్ల గౌను, నేనే కుట్టింది. వీపంతా సిమెంటు గట్టిపడిపోయింది. ఎంత రుద్దినా వదల్లేదు. చివరికి మసిగుడ్డ చేశాను."

"సిమెంటా?" అన్నాను.

"ఊఁ."

"మీ ఇంట్ల సిమెంటు ఏడికెల్లి ఒచ్చింది అక్కా?"

ఆమె చేతిలో కాడ ఆగింది.

"పొద్దటి సంది పిల్ల మీ ఇంట్ల, మంచంల ఉన్నది. తెల్ల గౌనుకు సిమెంటు ఎవరంటించిన్రు? ఆ దినం చేతుల నిండ సిమెంటు ఎవరికుండె?"

"ఏమో సుమిత్రా. ఇన్నేళ్ళయ్యింది..."

"బండి తెచ్చింది అయ్యగారు కాదన్నడు కద. మరి ఎవల బండి? మా ఆయన ట్రాలీ కాదా? నేను కూలోళ్ళకు అన్నం గిన్నెలు తీస్కపోనీకి ఇంటికొచ్చిన. అప్పుడే పిల్ల బిగుసుకపోయింది. నేనే ఎత్తుకున్న. ట్రాలీల నేనే పట్టుకొని కూసున్న. నాకు మంచిగ యాదికొచ్చింది."

నాకేమీ గుర్తు రాలేదు. ఆ మాటలు నోట్లోంచి వస్తుంటే నేనూ వాటిని మొదటిసారి వింటున్నాను. కానీ సిమెంటు ఉంది. సిమెంటును ఆమే చెప్పింది, నేను చెప్పలేదు.

"నువ్వు లేవు" అంది వెంకాయమ్మ. "నువ్వుంటే నాకు తెలియదా?"

"మీ ఆయన లేడని తెల్సిందా మరి?"

పట్టాభిగారు పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె చాలాసేపు గోంగూర ఆకుల్ని వేళ్ళతో కదిపింది. "ఎవరో తిడుతున్నారు బండి తోలేవాణ్ణి" అంది చివరికి. "గతుకులు చూసి పోనీయమని. ఆడమనిషే. ఆ తిట్లు..." ఆగిపోయింది. తర్వాత నా వైపు చూడకుండా అంది, "ఆ ఒక్క రోజైనా నాదనుకున్నాను సుమిత్రా."

నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది. వేయలేదు. నా కడుపు చల్లబడింది. లేచి, చెప్పులు వేసుకుని, "గోంగూరల ఎండుమిరపకాయలు ఎక్కువెయ్యకు, అయ్యగారికి పడదు" అని చెప్పి మరీ వచ్చాను.

స్టేషన్ మెట్ల దగ్గరే సౌజన్యకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చెప్పేటప్పుడు వాన కూడా కలిసింది. టార్పాలిన్ ముక్క పిల్ల మీద కప్పానన్నాను.

"నిజంగనే యాదికొచ్చిందా అమ్మా?"

"కన్నతల్లిని, నాకు యాదికుండదా?"

"మరి డాక్టర్ ముంగట లేదంటివి?"

"అప్పుడు గాబరాపడ్డ బిడ్డా."

"సరే తియ్యి." అది నిట్టూర్చిందో, నవ్విందో ఫోన్లో తెలియలేదు. "కాన్పు దాక పెద్దమ్మ దగ్గర్నే ఉంట, దవాఖాన నుంచి నీ దగ్గర్కే ఒస్త. కానీ పెద్దమ్మ కూడ ఒస్తది. నెల దాక మనతోనే ఉంటది. ఇద్దర్ల ఒక్కరే అంటే మాత్రం నేను అత్తగారింట్లనే ఉంట, మీ ఇద్దరు కలిసి కుక్కర్‌ను తిట్టుకోండ్రి."

సరే అన్నాను.

కాన్పు అనుకున్న దానికంటే ముందే వచ్చింది. బీపీ పెరిగిందని ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. దవాఖాన వరండాలో కూర్చున్నప్పుడు పక్క బెంచీ ఆమెకు స్లాబ్ రోజు కథ చెప్పాను. అప్పటికి ట్రాలీ చప్పుడు నాకు వినిపిస్తోంది. పిల్ల తల నా మోచేతి మీద ఎంత వేడిగా ఉందో తెలుస్తోంది. ఆ వేడి ఆ రోజుదో, మరో జ్వరం రోజుదో, అసలు నేను కల్పించుకున్నదో నాకు తెలియదు. ఇప్పుడు తీసేద్దామన్నా పోదు. మహిపాల్ మేస్త్రీ తాపీ, నల్ల కుక్క ఎంత నిజంగా కనిపిస్తాయో ఇదీ అంతే నిజంగా కనిపిస్తోంది.

వెంకాయమ్మ రెండు చీరలతో, ఒక డబ్బా కారప్పొడితో మా ఇంటికి వచ్చింది. పై గదిలో సౌజన్య, పాప. కింద గదిలో నేనూ, ఆమే. మేం బాగానే ఉంటున్నాం. కందిపప్పులో నేను వెల్లుల్లి వేస్తే ఆమె ఇంగువ వేస్తుంది, అంతే తేడా.

రోజూ పొద్దున ఆమె పీట మీద కాళ్ళు చాపి కూర్చుని పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి స్నానం చేయిస్తుంది. నాకు మోకాళ్ళు వంగవు, అందుకని నీళ్ళు పోసే పని నాది. ఈసారి మాత్రం ఏదీ వదలకూడదని నేను మొదటి రోజే గట్టిగా అనుకున్నాను. ఇప్పుడు నాకు కట్టాల్సిన ఇల్లు లేదు, తోయాల్సిన బండి లేదు. పాప ప్రతి కదలికా కళ్ళల్లో పెట్టుకోవాలి. అది పెద్దయ్యి అడిగితే అన్నిటికీ జవాబు నా దగ్గర ఉండాలి.

"కాస్త పక్కకి పొయ్యి సుమిత్రా, చెవిలో పడుతుంది" అంటుంది ఆమె.

"నాకు తెల్వదా? నేను కన్నదాన్నే" అంటాను.

"కన్నావులే. పొయ్యి."

నిన్న సాయంత్రం పాలిస్తూ సౌజన్య అడిగింది. "పొద్దుగాల స్నానం చేపిస్తుంటే పాప నవ్విందట కద? పెద్దమ్మ చెప్పింది. నువ్వు గూడ చూసినవా అమ్మా?"

గుర్తు చేసుకున్నాను. వెంకాయమ్మ గాజులు మోచేతి దాకా ఎగదోసుకున్న తీరు గుర్తుంది. ఆమె ఎడమ చేతి మీద పాత కాలిన మచ్చ గుర్తుంది. పాప మెడ కింద వేలు ఎలా పోనిచ్చిందో, నూనె చుక్క ముక్కు మీద పడితే ఎలా ఊదిందో, తెనాలి యాసలో ఏం గొణిగిందో, నవ్వినప్పుడు ఆమె పై పన్ను ఒకటి వంకరగా ఎలా కనిపించిందో, అన్నీ ఉన్నాయి. పాప ముఖం మాత్రం రాలేదు. స్నానం జరిగినంతసేపూ నేను చూసింది వెంకాయమ్మనే.

"చూడకేం, చూసిన" అన్నాను. "ముందు నన్నే చూసి నవ్వింది."

సుమిత్రమ్మ,
వయసు అరవై మూడు,
ఇప్పుడు ఉండేది ఎల్బీనగర్, మా సొంత ఇంట్లో.